మూడు రోజుల క్యాంపులు ఇక ఆపి, మన ఆడపిల్లలకి జూడో నేర్పించండి

మొన్న మా మేనకోడలు చదివే హైస్కూల్లో ఆడపిల్లలకి ఆత్మరక్షణ శిక్షణ పెట్టారు. మూడు రోజులు. ఆఖరి రోజు సర్టిఫికెట్లు, ఫొటోలు, వాట్సాప్ నిండా అభినందనలు. నేను దగ్గరుండి చూశాను. ఒక పిల్ల ఇంకో పిల్ల మణికట్టు పట్టుకుంటుంది, రెండో పిల్ల విదిలిస్తుంది, పట్టుకున్న పిల్ల వెంటనే వదిలేస్తుంది. చప్పట్లు. నిజంగా పట్టుకున్నవాడు అలా వదుల్తాడా అండీ? లేని ధైర్యం నూరిపోసి పంపిస్తే పిల్లలకి ప్రమాదం పెరుగుతుందే కానీ తగ్గదు.

సరిగ్గా ఈ సమస్యకే జపాన్‌లో ఒకాయన ఎప్పుడో దారి చూపించాడు. జిగొరో కానో 1860లో పుట్టాడు. చిన్నప్పుడు బక్కపల్చగా ఉండి, తోటివాళ్ళ చేతిలో దెబ్బలు తిని, జుజుత్సు అనే పాత జపాన్ పోరాట విద్య నేర్పే గురువుల కోసం వెతుక్కుంటూ తిరిగాడు. సమురాయిలనే యోధుల కాలం పోయి ఆ విద్యని పట్టించుకునే నాథుడు లేని రోజులవి. అందులో కీళ్ళు విరిచే పట్లు, ప్రాణం మీదికి తెచ్చే దెబ్బలు బోలెడు. అలాంటివి తోటి శిష్యుడి మీద పూర్తి బలంతో ఎలా సాధన చేస్తారు? కానో ఆ ప్రమాదకరమైనవాటిని పక్కనపెట్టి, విసరడం, నేలకి అదిమిపట్టడం లాంటివి ముందుకు తెచ్చి, ఎదుటి మనిషి నిజంగా ఎదిరిస్తుండగా చేసే 'రందోరి' అనే సాధనకి పెద్దపీట వేశాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో, తొమ్మిది మంది శిష్యులతో ఆయన జూడో బడి 'కొడోకాన్' మొదలైంది.

నేను కాలేజీ రోజుల్లో కాకినాడలో కొంతకాలం జూడో నేర్చుకున్నాను. మొదటి వారాల్లో మమ్మల్ని ఎవరి మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు. పడటమే పని. గడ్డం గుండెకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు, వీపు ఆనే క్షణంలోనే చేతిని ఒంటికి కాస్త ఎడంగా చాపి అరచేతి నుంచి మోచేతి దాకా చాప మీద గట్టిగా చరవాలి. పడేటప్పుడు చెయ్యి కింద ఊనితే మణికట్టు పోతుంది. ఈ ఒక్క విద్య వస్తే చాలు, వానాకాలం కాలవగట్టు మీద స్కూటీ జారినప్పుడు కూడా పనికొస్తుంది.

"ఆడపిల్లకి కుస్తీలెందుకు, చెయ్యో కాలో విరిగితే రేపు పెళ్ళెవరు చేసుకుంటారు" అనే పెద్దవాళ్ళకి కేయికో ఫుకుడా గురించి చెప్పాలి. ఐదడుగులు కూడా లేని మనిషి. ఆవిడ తాతగారు కానోకి జుజుత్సు నేర్పిన గురువు, జూడో నేర్చుకోమని ఆవిడని పిలిచింది స్వయంగా కానోనే. ఆడవాళ్ళకి అంతకు మించి ఇవ్వం అంటూ కొడోకాన్ వాళ్ళు ఐదో డాన్ (బ్లాక్‌బెల్టులో ఐదో మెట్టు) దగ్గర ఏళ్ళ తరబడి ఆపేశారు. ఆవిడ మాత్రం మానలేదు, అమెరికా వెళ్ళి నేర్పుతూనే ఉంది. 2011లో, 98 ఏళ్ళ వయసులో, అక్కడి జూడో సంఘం పదో డాన్ ఇచ్చింది. అంతకు ముందు ప్రపంచంలో ఏ మహిళకీ దక్కని స్థాయి అది.

ఒలింపిక్స్‌లో 1964లోనే చేరిన జూడోలో ఆడవాళ్ళకి పతకాలు ఇవ్వడం 1992లో మొదలైంది. కొసావో అనే చిన్న దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం 2016లో తెచ్చింది జూడో ఆడే అమ్మాయే, మైలిండా కెల్మెండి. మన కపిల్ పర్మార్ సంగతి చూడండి. చిన్నప్పుడు పొలంలో నీటి మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి చూపు దెబ్బతింది, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. చూపు లేనివాళ్ళ జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులొకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది.

మన దగ్గర ఏం లేదని? సముద్రం వైపు ఊళ్ళలో తుపాను షెల్టర్లున్నాయి, తుపాను లేనప్పుడు చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. అప్పట్లో జపాన్‌వాళ్ళు పడింది ఎండుగడ్డి కూరి పైన తుంగలాంటి రెల్లు అల్లిన చాపల మీద. ఇప్పుడు ఫోమ్ మ్యాట్లు వచ్చాయి, ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. జాతరలో బాణాసంచాకి చందాలేసుకునే ఊళ్ళు మ్యాట్లకి వేసుకోలేవా? కావాల్సింది సర్టిఫికెట్ ఉన్న ఒక కోచ్, వారానికి మూడు సాయంత్రాలు, కనీసం రెండేళ్ళు. గచ్చు నేల మీద మాత్రం ఎవరు నేర్పుతామన్నా ఒప్పుకోకండి.

మా ఊరి షెల్టర్ తాళం పంచాయతీ దగ్గరుంది. వచ్చే గ్రామసభలో అడగబోతున్నాను. ఆడపిల్లల తల్లులు నలుగురైనా నా పక్కన నిలబడితే కాదనడం వాళ్ళకి కష్టం. వచ్చేవాళ్ళు ముందే ఒక మాట చెప్పండి, అర్జీ మీద సంతకాలు పెట్టించాలి.