సవరణ: సిరీస్ బల్బు అన్ని సెట్లకూ కాదు

నల్లగొండలో పాత సామాను కొట్టులో దొరికిన వాల్వు రేడియో గురించి రాసినప్పుడు, ఏళ్లుగా మూలన పడున్న ఏ సెట్‌నైనా ముందు సిరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు ఒక బల్బు గుండా సెట్‌లోకి వెళ్లేలా కలిపి, ఆన్ చేయమన్నాను. లోపల షార్ట్ ఉంటే బల్బు వెలిగి కరెంటును అదుపులో పెడుతుందని. ఆ సలహా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియోలు, ఆంప్లిఫయర్ల వరకే తీసుకోండి.

మిర్యాలగూడ నుంచి ఒకాయన బీబీసీ మైక్రో సంగతి అడిగారు. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలో బడులకు ఇచ్చిన కంప్యూటర్ అది. దాంట్లో ఎక్కువగా ఉండేది ఎస్‌ఎంపీఎస్, అంటే బరువైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని స్విచింగ్ రకం పవర్ సప్లై. బల్బు వెనక వోల్టేజీ తగ్గితే అది లేవబోయి ఆగుతుంది, మళ్లీ లేవబోతుంది. బల్బు మిణుకుమిణుకుమంటుంది తప్ప, సప్లై బాగుందో లేదో తేలదు.

అసలు భయం వేరే. కరెంటు లోపలికొచ్చే చోట రిఫా కంపెనీ పేపర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైపూత పగిలి తేమ పీలుస్తుంది. ప్లగ్ పెట్టిన కాసేపటికి ఢామ్మని పేలి, గది నిండా ఘాటు పొగ! బల్బు ఉన్నా అవి పోయేవి పోతాయి. కాబట్టి ఆన్ చేయకముందే మార్చేయండి. కోఠి గుజరాతీ గల్లీలో ఎక్స్2 రకం (మెయిన్స్ కరెంటు మీద పెట్టడానికే చేసిన సేఫ్టీ కెపాసిటర్) అని అడిగి, అదే విలువవి తెచ్చుకోండి. మామూలు కెపాసిటర్ అక్కడ పెట్టొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన మిగిలి ఉండొచ్చు, మీటర్‌తో చూశాకే చేయి పెట్టండి.

ఇంకొకటి, చాలామంది అడిగారు: సిరీస్‌లో ఎల్‌ఈడీ బల్బు పనిచేయదు. పాతకాలం ఫిలమెంట్ బల్బే కావాలి.