డర్హంలో ఆ నల్లరాతి గీత

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న డర్హం వెళ్లిన మనవాళ్లలో చాలామంది నది ఒడ్డున ఫొటోలు దిగి, అక్కడి పెద్ద చర్చి కెథడ్రల్ లోపల పది నిమిషాలు తిరిగి వచ్చేస్తారు. మొదటిసారి మేమూ అంతే. ఈసారి వెళితే లోపల ఒక గంట ఉండండి. ఆడపిల్లలున్నవాళ్లు మరీ ముఖ్యంగా.

హాలు పడమటి చివర నేల మీద ఒక నల్లరాతి గీత ఉంటుంది. మధ్యయుగంలో ఆడవాళ్లు దాన్ని దాటి ముందుకు వెళ్లకూడదు. తూర్పు కొసన ఏడో శతాబ్దపు సన్యాసి, బిషప్ అయిన సెయింట్ కత్‌బర్ట్ సమాధి ఉంది, ఆయనకు స్త్రీలంటే గిట్టదని అక్కడి సన్యాసులు చెప్పేవారు.

ఆ గీత దగ్గరే నిలబడి తూర్పుకు చూడండి. 1093లో మొదలుపెట్టి 40 ఏళ్లలో కట్టిన రోమనెస్క్ (మందపాటి గోడలు, గుండ్రటి కమానుల శైలి) కట్టడం ఇది. గుండ్రటి స్తంభాల ఎత్తు 6.6 మీటర్లు, చుట్టుకొలతా అంతే. ఒక్కో స్తంభం మీద ఒక్కో చెక్కడం: వంకర గీతలు, డైమండ్ గళ్లు, నిలువు చారలు. మెలితిరిగిన గీతలున్న స్తంభాలు మాత్రం తూర్పు భాగంలోనే ఉన్నాయి. పవిత్రమైన చోటు దగ్గరపడుతోందని రాయే చెబుతుందన్నమాట. ఆ మాట దగ్గర నుంచి వినే అవకాశం ఆడవాళ్లకు లేదు. "ఆ రోజుల్లో అంతేలే" అని పిల్లలతో అనేసి ముందుకు నడవడం నాకు నచ్చదు. పనితనమూ చూపించాలి, ఆ గీతా చూపించాలి.

తర్వాత వెనక్కి, పడమటి కొసకు రండి. అక్కడ గెలిలీ చాపెల్ అనే చిన్న ప్రార్థనా మందిరం ఉంది. 1170లలో బిషప్ హ్యూ డు ప్యుసే కట్టించాడు, అప్పట్లో ఆడవాళ్లు ప్రార్థించుకోగలిగిన చోటు ఇదే. అంత బరువైన హాలు నుంచి ఇందులోకి వస్తే ఊపిరి తేలికవుతుంది. సన్నటి స్తంభాలు, వాటి మీద వంకర గీతలు చెక్కిన కమానులు వరుసగా సాగిపోతాయి. గోడ మీద 12వ శతాబ్దపు రంగులు కొన్ని మిగిలాయి. మొత్తం భవనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఎనిమిదో శతాబ్దపు చరిత్రకారుడు బీడ్ సమాధి ఇక్కడే ఉంది. కత్‌బర్ట్ జీవిత చరిత్ర ఒకటి ఆయన రాశాడు. అందులో కత్‌బర్ట్ స్త్రీల మఠాలు నడిపే మహిళలు పిలిస్తే వెళ్తాడు, వాళ్లతో కూర్చుని మాట్లాడతాడు. అది రాసిన మనిషి 1370 నుంచి గీతకు ఇవతలే, ఆడవాళ్లు రాగలిగిన చోటే ఉన్నాడు. మా అమ్మాయికి నేను మొదట చూపించింది ఆ సమాధినే.