బాధితులకు తోడుండే ఉద్యోగం: శిక్షణ ఎక్కడ మొదలవ్వాలి?

"ఆ టైంలో అక్కడికి ఎందుకు వెళ్లావు?" నేరానికి గురైనవాళ్లు పదేపదే వినే ప్రశ్న ఇది. అడిగినవాళ్లకు చెడు ఉద్దేశం లేకపోవచ్చు. వినేవాళ్లకు మాత్రం తప్పంతా తమదేనని తీర్పు చెప్పినట్టే ఉంటుంది. బాధితులకు సహాయపడే వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు ముందు మానుకోవాల్సింది ఈ 'ఎందుకు'నే. చట్టాల సెక్షన్లు తర్వాతైనా నేర్చుకోవచ్చు.

శిక్షణ అవసరమన్న మాట కొత్తది కాదు. 1985లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన బాధితుల న్యాయ ప్రకటన, పోలీసులకు, న్యాయ, ఆరోగ్య సిబ్బందికి బాధితుల అవసరాలు తెలిసేలా శిక్షణ ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. ఆ శిక్షణలో ఏముండాలన్నదే అసలు విషయం.

దాడి జరిగేటప్పుడు కొందరు అరవలేరు, పారిపోలేరు. భయంతో ఒళ్లు బిగుసుకుపోతుంది. తర్వాత చెప్పేటప్పుడు ముందుది వెనక, వెనకది ముందు వస్తుంది. కొన్ని వివరాలు అసలు గుర్తుకే రావు. ఇవి తెలియనివాళ్లు అబద్ధమని అనుమానిస్తారు. సగం తెలిసినవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు: జాలితో మాట అందించి ఖాళీలు పూరిస్తారు. అలా అందించిన మాట రేపు కోర్టులో బాధితుల సాక్ష్యాన్నే దెబ్బతీయొచ్చు. దర్యాప్తు వేరు, తోడుండటం వేరు. ఈ రెంటి మధ్య తేడా పుస్తకాలు చదివితే వంటబట్టదు. అనుభవజ్ఞులు చూస్తుండగా రోల్ ప్లే (ఒకరు బాధితులుగా, ఒకరు సహాయకులుగా నటిస్తూ సాధన) చేయాలి, తప్పు చేయాలి, మళ్లీ చేయాలి. ఎదుటివాళ్లు మౌనంగా ఉన్నప్పుడు మనమూ మౌనంగా ఉండగలగడం అన్నిటికన్నా కష్టం.

చిన్న జాగ్రత్తలు కూడా ప్రాణాలు కాపాడతాయి. హింసించే మనిషి అదే ఇంట్లో ఉండొచ్చు కదా! అందుకే ఫోన్ చేయగానే "ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా?" అని అడగాలి. మెసేజ్ పెట్టొచ్చా అని ముందే అడిగి, సరేనంటేనే పెట్టాలి. ఏ విషయం రహస్యంగా ఉంచగలమో, ఏది ఉంచలేమో మొదటి రోజే చెప్పాలి. పసిపిల్లలు ప్రమాదంలో ఉన్నారని తెలిశాక "ఎవరికీ చెప్పను" అన్న మాట నిలబెట్టుకోలేం. అప్పుడు ఆ మనిషి రెండోసారి మోసపోయినట్టే.

రోజూ ఇలాంటి కథలు వింటే సహాయకుల మనసూ దెబ్బతింటుంది. నిద్ర పట్టదు, ఎవరిని చూసినా అనుమానం, టెన్షన్. పరిశోధకులు మెకాన్, పెర్ల్‌మన్ 1990లోనే దీని గురించి రాశారు. దీన్ని వ్యక్తి బలహీనతగా చూసే సంస్థలో ఎంత మంచి శిక్షణైనా నిలవదు. ఉద్యోగంలో చేరేముందు జీతంతో పాటు ఈ రెండూ అడగండి: ఒక్కొక్కరికి ఎన్ని కేసులు ఇస్తారు? నేను విన్నవి చెప్పుకోవడానికి అనుభవమున్న సూపర్‌వైజర్ ఎన్ని రోజులకోసారి కూర్చుంటారు?