అప్పు పాత కంపెనీది, ఆస్తి కొత్త కంపెనీది

"జనరల్ మోటార్స్ వాళ్ళు, అదే జీఎం కార్ల కంపెనీ, అమెరికా గవర్నమెంటుకి ప్రతి పైసా తిరిగి కట్టేశారండీ, వడ్డీతో సహా, గడువుకి ఐదేళ్ళు ముందే!" మునిగిపోయే కంపెనీలని గవర్నమెంటు ఆదుకోవాలా వద్దా అని ఎక్కడ చర్చ మొదలైనా సరే, ఎవరో ఒకరు ఈ ముక్క తెచ్చి మధ్యలో పడేస్తారు, అదేదో తామే దగ్గరుండి రసీదు రాయించుకుని వచ్చినట్టు. తర్వాత ఇంక మాట్లాడేవాడు ఉండడు. కార్ల కంపెనీల రాజధాని, డెట్రాయిట్ అంతటి డెట్రాయిటే కట్టేసిందట, నువ్వెవడివోయ్ అడగడానికి?

వాళ్ళని అని లాభం లేదు లెండి. 2010 ఏప్రిల్లో జీఎం పెద్దాయన ఎడ్ విటేకర్ స్వయంగా టీవీ యాడ్‌లోకి వచ్చి ఈ మాటే చెప్పాడు. పెద్దమనిషి, తెల్ల జుట్టు, గంభీరమైన గొంతు, నమ్మకుండా ఎలా ఉంటాం. నాకైతే ఆ యాడ్ ముందు కొబ్బరికాయ కొట్టాలనిపించింది, కాకపోతే ఆ చిల్లర ఖర్చుకి ముందు ఒకసారి లెక్క చూసుకుందామని కూర్చున్నా, అక్కడే తప్పు జరిగిపోయింది.

2008 డిసెంబర్ 19న బుష్ గారు దిగిపోయే ముందు జీఎం, ఇంకో కార్ల కంపెనీ క్రైస్లర్, రెండిటికీ కలిపి 17.4 బిలియన్ డాలర్లు ప్రకటించారు. బ్యాంకుల్ని కాపాడ్డానికని 700 బిలియన్లతో పెట్టుకున్న టార్ప్ అనే హుండీ ఉంది కదా, అందులోంచి. ఆ తర్వాత ఒబామా గారొచ్చి ఇంకా పోశారు. ఒక్క జీఎంకే మొత్తం కలిపి 49.5 బిలియన్లు. ఇందులో కొత్త కంపెనీ పుస్తకాల్లో "అప్పు" అని రాసుకున్నది ఎంతయ్యా అంటే 6.7 బిలియన్లు. మిగతాదంతా దాదాపుగా షేర్లయిపోయింది, గవర్నమెంటు చేతికి 61 శాతం వాటా వచ్చింది, జనం గవర్నమెంట్ మోటార్స్ అని పేరు కూడా పెట్టేశారు. అంటే విటేకర్ గారు గుండె మీద చెయ్యేసుకుని తీర్చేశాం అన్నది ఆ 6.7 మాత్రమే. సరే, అదన్నా తీర్చారు కదా, ఆ డబ్బు కార్లమ్మి సంపాదించిందా? కాదు. టార్ప్ డబ్బులోంచే కొంత తీసి ఒక ఎస్క్రో ఖాతాలో, అంటే షరతుల మీద పక్కన పెట్టే ఖాతాలో, ఉంచారు, ఈ అప్పు ఆ ఖాతాలోంచి తీర్చారు. ఇది నేను కనిపెట్టిందేం కాదు, టార్ప్ మీద గవర్నమెంటే నియమించిన ఇన్‌స్పెక్టర్ జనరల్ నీల్ బరోఫ్‌స్కీ అప్పుడే సెనేట్ కమిటీకి చెప్పాడు. గవర్నమెంటు డబ్బు, గవర్నమెంటు కాపలాలో ఉన్న ఖాతాలోంచి గవర్నమెంటుకే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ మధ్యలో ఒక యాడ్ షూటింగ్ చేసుకుంది, అంతే.

ప్రైవేట్ జెట్ల సంగతి ఎత్తను, అది అరిగిపోయిన జోకు. (ఒక్క ముక్క మాత్రం చెప్పి వదిలేస్తా. 2008 నవంబర్లో జీఎం, క్రైస్లర్, ఫోర్డ్ సీఈఓలు ముగ్గురూ మూడు జెట్లలో వాషింగ్టన్ వచ్చి 25 బిలియన్లు అడిగారు, మామూలు ఫ్లైటులో వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఒక్క చెయ్యి లేవలేదు. డిసెంబర్లో బుద్ధిగా హైబ్రిడ్ కార్లేసుకుని డెట్రాయిట్ నుంచి రోడ్డు మీద వచ్చారు, ఈసారి 34 బిలియన్లు అడిగారు. కార్లు తయారుచేసేవాళ్ళు కారెక్కడమే ఆ వారం పెద్ద వార్త. ఫోర్డ్ వాళ్ళయితే 2006లోనే తమ నీలం లోగోతో సహా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని ఉన్నారు కాబట్టి ఆ హుండీలో చెయ్యి పెట్టే అవసరం రాలేదు, అయినా జెట్‌లో మాత్రం తక్కువ చెయ్యలేదు.) సరే వదిలేశా.

అసలు నాకు నచ్చింది ఇవేవీ కాదు. 2009 జూన్ 1న జీఎం దివాలా పిటిషన్ వేసింది, జూలై 10కల్లా బయటికొచ్చేసింది. నలభై రోజులు! మన దగ్గర కోర్టులో వాయిదా పడ్డానికి కూడా ఆ టైము సరిపోదు. ఎలా అంటే కంపెనీని రెండు చేశారు. పాత జీఎం, కొత్త జీఎం. మంచి ఫ్యాక్టరీలు, మంచి బ్రాండ్లు, జీఎం అన్న పేరు, అన్నీ కొత్తదానికి. పనికిరాని ఫ్యాక్టరీలు, తీర్చక్కర్లేదనుకున్న అప్పులు, కోర్టు కేసులు, అన్నీ పాతదానికి. పాతదానికి పేరు కూడా మార్చేసి మోటార్స్ లిక్విడేషన్ కంపెనీ అని పెట్టారు, పొరపాటున ఎవరైనా అడ్రస్ వెతుక్కుంటూ వస్తే జాలిపడి వెనక్కి పోతారని కాబోలు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. నా సమస్యలన్నిటికీ దారి దొరికిందని. తెల్లారగానే బ్యాంకుకి వెళ్ళి మేనేజర్ గారి ముందు కూర్చుంటే సీను ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పడుకున్నా.

"సార్, నేను రెండయ్యాను."

"విడాకులా అండీ?"

"కాదండీ, పాత నేను, కొత్త నేను. ఫ్లాటు, బండి, మా ఆవిడ నగలు, వచ్చే నెల జీతం, మా ఇంటిపేరు, ఇవి కొత్త నాకు వచ్చాయి. హోమ్ లోను, పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు, మా తోడల్లుడి దగ్గర తీసుకున్న చేబదులు, ఇవి పాత నాకు వదిలేశా. ఇకమీదట ఆయన్ని దివాలా రావు గారు అని పిలవాలి."

"ఆయన ఎక్కడుంటారండీ?"

"ఎక్కడా ఉండరండీ, అదే కదా ఇందులో ఉన్న అందం."

"మరి ఈ సంతకం మీదే కదా?"

"ఆయనదండీ. సరిగ్గా చూడండి, కాస్త ఒణుకు ఉంటుంది. అప్పుల్లో ఉన్న మనిషి కదా పాపం. నాది ఒణకదు."

మేనేజర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటారు. నేను ఆగుతానా? "పోతే కొత్త నాకు అర్జెంటుగా ఒక లోను కావాలండీ. కొత్త నేను పుట్టి నలభై రోజులే అయింది, ఒక్క ఈఎంఐ కూడా ఎగ్గొట్టలేదు, ఇంత శుభ్రమైన కస్టమరు మీ బ్రాంచిలో ఇంకొకరు ఉండరు. డబ్బు నా చేతికి కూడా ఇవ్వొద్దు, మీ బ్రాంచిలోనే ఓ ఖాతాలో పడెయ్యండి. కొన్ని నెలలాగి అందులోంచి తీసి మీకే కట్టేస్తా, గడువుకి ఐదేళ్ళు ముందే. అమీర్‌పేట సెంటర్లో నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టిద్దాం, 'బాకీ తీర్చిన మహానుభావుడికి శుభాకాంక్షలు' అని, కింద మీ సిబ్బంది ఫోటోలు వరసగా వేయిద్దాం, మీది కాస్త పెద్దగా. ఫ్లెక్సీ ఖర్చు ఆ ఖాతాలోంచే లెండి, మీరేం మొహమాటపడకండి."

ఈపాటికి సెక్యూరిటీ గార్డు నా పక్కకి వచ్చి నుంచుని ఉంటాడు. బయటికి వెళ్ళాల్సింది పాత నేనా కొత్త నేనా అని అడిగేలోపే గేటు దాటించేస్తాడు. మన దగ్గర పంట లోను కట్టలేని రైతు తాకట్టు పెట్టిన బంగారాన్ని వేలం వేసేటప్పుడు ఇది పాత రైతు బంగారమా కొత్త రైతు బంగారమా అని ఏ బ్యాంకూ అడగదు. ఆ సౌకర్యానికి కనీసం ఒక వందేళ్ళ చరిత్ర ఉండాలేమో.

అలాగని డెట్రాయిట్‌ని గాలికొదిలెయ్యాల్సిందని నేననను. ఆ చలికాలంలో జీఎం పడిపోయుంటే దానికి బోల్టులు, సీట్లు, వైర్లు అమ్మే చిన్న కంపెనీలన్నీ వరసగా పడిపోయేవి, అవే కంపెనీలు ఫోర్డ్‌కి కూడా అమ్ముతాయి కాబట్టి ఫోర్డ్ కూడా గిలగిలా కొట్టుకునేది, అందుకే డబ్బు తీసుకోని ఫోర్డ్ బాసు కూడా మిగతా ఇద్దరి పక్కన కూర్చుని వాళ్ళకి ఇవ్వండి అన్నాడు. జీఎం మీదే బతికే ఫ్లింట్ లాంటి ఊళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్ళు ఎంతమంది లేరు, ఆటో కంపెనీలకి డిజైన్లు, టెస్టింగులు చేస్తూ. వాళ్ళకి ఆ బెయిలౌట్, అదే గవర్నమెంటు ఆదుకోవడం, ఇచ్చిన బహుమానం ఇంకోటి ఉంది. టార్ప్ డబ్బు తీసుకున్న కంపెనీ హెచ్-1బీ మీద కొత్తగా ఎవరినైనా తీసుకోవాలంటే అదనపు కండిషన్లు అని 2009 ఫిబ్రవరిలో చట్టంలో కలిపేశారు. టాక్సు కట్టేటప్పుడు మాత్రం ఏ కండిషనూ లేదు, హాయిగా కట్టొచ్చు.

వద్దు వద్దు అని అరిచిన సెనేటర్లు కూడా మరీ అంత సన్యాసులేం కాదు. అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ కంపెనీలకి గవర్నమెంటు డబ్బివ్వడం మహాపాపం అన్నంత పని చేశారు, ఆయన రాష్ట్రమేమో 1993లో మెర్సిడెస్ ఫ్యాక్టరీ కోసం 250 మిలియన్లకి పైగా రాయితీలు కురిపించింది. టెనెసీ బాబ్ కార్కర్ గారిదీ అదే వరస, 2008లోనే వాళ్ళ చాటనూగాకి వస్తున్నట్టు ఫోక్స్‌వ్యాగన్ ప్రకటించింది, ఇలాంటి రాయితీల మీదే. పరాయి ఊరి కంపెనీకి ఇస్తే బెయిలౌట్, మన ఊరి కంపెనీకి ఇస్తే అభివృద్ధి. ఇది మనకి కొత్తేం కాదు కాబట్టి ఇంతటితో ఆపేస్తా.

ఆదుకోండి. షేర్లమ్మి 2013 డిసెంబర్లో గవర్నమెంటు బయటపడింది, చివరికి లెక్క తేలేసరికి 11.2 బిలియన్లు పోయాయి, పోనీ, ఊళ్ళు బతికాయి కదా అని జనం సర్దుకుంటారు. పోయాయి అని చెప్పండి చాలు. తీర్చేశాం అనొద్దు.

ఎందుకు అనొద్దంటున్నానో చెప్తా. గవర్నమెంటు ఆఖరి షేరు అమ్మిన రెండు నెలలకి, 2014 ఫిబ్రవరిలో, జీఎం షెవర్లే కోబాల్ట్ లాంటి చిన్న కార్లని వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. లెక్క చివరికి 26 లక్షల కార్లకి చేరింది. ఇగ్నిషన్ స్విచ్‌లో తేడా. కీ చైన్ కాస్త బరువుగా ఉన్నా, గతుకుల్లో కుదిపినా, మోకాలు తగిలినా తాళంచెవి దానంతటదే వెనక్కి తిరిగిపోతుంది, ఇంజను ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుపోతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. హైవే మీద. ఈ సంగతి కంపెనీలో తెలియక కాదు. 2005లోనే డీలర్లకి కాగితం పంపారు, కస్టమర్లని కీ చైన్‌లో అనవసరమైనవి తీసెయ్యమనండి అని, తాళంచెవి పైన పొడుగ్గా ఉన్న బెజ్జాన్ని గుండ్రంగా చేసే చిన్న ముక్క కూడా ఇవ్వమన్నారు. స్విచ్ మార్చలేదు. కీ చైన్ తగ్గించుకోమన్నారు! 2006లో చప్పుడు చెయ్యకుండా స్విచ్‌ని బాగుచేశారు, పార్టు నంబరు మాత్రం మార్చలేదు, దాంతో ఏ కారులో ఏ స్విచ్ ఉందో బయటివాడికి ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. డాలరు కూడా చెయ్యని పార్టు. చనిపోయినవాళ్ళు, కంపెనీ పెట్టిన నష్టపరిహార నిధి ఒప్పుకున్న లెక్క ప్రకారమే, 124 మంది.

అప్పుడు మళ్ళీ బయటికొచ్చింది ఆ పాతా కొత్తా. 2009 జూలైకి ముందు యాక్సిడెంటు అయిందా, అయితే అది పాత జీఎం కారండీ, మాకు సంబంధం లేదు, దివాలా కోర్టు ఆర్డరుంది చూడండి. కార్ల విలువ పడిపోయిందని ఓనర్లు కేసేస్తే దానికీ అదే ఆర్డరు. సిగ్గుండాలి కదా. ఏ జనం డబ్బుతో బతికి బట్టకట్టారో ఆ జనమే తమ పిల్లల్ని పోగొట్టుకుని తలుపు కొడితే ఈ ఇంట్లోవాళ్ళు మారిపోయారు అంటారా? శవానికి తేదీ చూస్తారా? షోరూముకి అదే పేరు, బానెట్ మీద అదే బొమ్మ, డిజైన్ చేసిన ఇంజనీర్లు అదే ఆఫీసులో కూర్చున్నారు, ఆ 2005 కాగితం అదే బీరువాలో ఉంది! 2015లో దివాలా జడ్జి చాలా వరకు కంపెనీకే ఊ కొట్టాడు, పై కోర్టు 2016లో కొట్టేసింది, తెలిసి తెలిసి దాచిపెట్టి దివాలా వెనకాల దాక్కుంటానంటే కుదరదని. 2017లో సుప్రీంకోర్టు వినడానికి కూడా ఒప్పుకోలేదు. పరిహార నిధి ఏమో పాత మరణాలకి కూడా ఇచ్చిందండీ అంటారు. ఇచ్చింది. ప్రపంచమంతా చూస్తుండగా అమెరికా కాంగ్రెస్ ముందు నిలబెట్టాక ఇచ్చింది.

కంపెనీ 900 మిలియన్లు జరిమానా కట్టింది, 15 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది, ఒక్క మనిషి మీద కూడా క్రిమినల్ కేసు పడలేదు. టెక్సాస్‌లో ఒకావిడ మీద పడింది. 2004లో ఆవిడ నడుపుతున్న జీఎం కారు చెట్టుకి గుద్దుకుని, పెళ్ళి చేసుకోవాల్సిన మనిషి పక్క సీట్లోనే పోయాడు. నిర్లక్ష్యంతో చంపానని ఆవిడ కోర్టులో ఒప్పుకుంది, జరిమానా కట్టింది, ప్రొబేషన్ చేసింది. కారులోనే లోపం ఉందని కంపెనీ తన ఫైళ్ళలో, ఆవిడ ఒప్పుకోవడానికి కొన్ని నెలల ముందే రాసుకుని ఉంది. ఎవరూ ఆవిడకి చెప్పలేదు. 2014 నవంబర్లో జడ్జి ఆ శిక్ష కొట్టేసేదాకా, పదేళ్ళు, ఆవిడ తనే చంపాననుకుంటూ బతికింది.