ఫారం కుర్రాళ్లకు పుట్టుకతోనే ఇమ్యూనిటీ ఉందట!

మా కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఈ వారం ఒకే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. పంపిన నలుగురూ బెజవాడ వాళ్లే. ఒక్కడూ కోళ్లఫారం గేటు దాటి ఎరగడు. అందులో ఉన్నదిది: బర్డ్ ఫ్లూ మనుషులకు రాదు, అంతా మందుల కంపెనీల నాటకం, ఫారంలో పనిచేసేవాళ్లకు ఇమ్యూనిటీ ఎలాగూ ఉంటుంది, మాస్కులూ కళ్లద్దాలూ దండగ, మెడలో కర్పూరం మూట చాలు, మన ఎండల్లో ఒళ్లంతా కప్పే ఆ రక్షణ సూట్లు వేసుకుంటే రోగం కంటే ముందు ఉక్క చంపుతుంది.

కర్పూరం వాసన బాగుంటుంది. అంతే.

మనుషులకు రాదా? 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకితే ఆరుగురు పోయారు. అంత దూరం ఎందుకు, 2025లో మన పల్నాడులోనే ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరస్ ల్యాబే తేల్చింది. అరుదే, కాదనను. కానీ అరుదు వేరు, రాకపోవడం వేరు.

నాకు ఒళ్లు మండింది ఇమ్యూనిటీ మాటకి. మా బావమరిది నూజివీడు వైపు ఒక బ్రాయిలర్ ఫారంలో సూపర్‌వైజరు. ఒకసారి లోడింగ్ చూశాను. అర్ధరాత్రి లారీ వచ్చింది. కుర్రాళ్లు చేతికి నాలుగేసి కోళ్లను కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తుతున్నారు. అవి రెక్కలు కొట్టుకుంటుంటే ఎండిన పెంట, ఊక దుమ్ము నేరుగా మొహాన పడుతోంది. చేతులు ఖాళీ లేవు గనక కళ్లు భుజానికి తుడుచుకుంటున్నారు. జబ్బు కోడి రెట్టలో, చొంగలో వైరస్ ఉంటుంది. అది కంట్లోంచి కూడా ఎక్కుతుంది. 2024లో అమెరికాలో ఈ వైరస్ సోకిన పాడి ఆవుల దగ్గర పనిచేసినవాళ్లలో చాలామందికి ముందు ఎర్రబడింది కళ్లే. అలాంటి డెయిరీల్లో 115 మందికి రక్తపరీక్ష చేస్తే వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు కనబడింది ఎనిమిది మందిలో. అవీ రోగం తగిలాక వచ్చినవే. మిగతా 107 మంది ఇమ్యూనిటీ ఎక్కడ దాచుకున్నారో మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి. ఏసీ గదిలో కూర్చుని పక్కవాడి ఒంట్లో ఇమ్యూనిటీ కొలిచే మిషను ఆయన దగ్గరుందేమో!

జబ్బు పడ్డ ఫారంలో పనిచేశాక పది రోజులు జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు కనిపెట్టుకోవాలి. తేడా వస్తే మొదటి రెండు రోజుల్లో మొదలుపెట్టిన టామీఫ్లూ అనే ఫ్లూ మందుకే పట్టు ఎక్కువ. ఇమ్యూనిటీ ఉందిలే అనుకున్నవాడు ఆ రెండు రోజులూ పనిలోనే ఉంటాడు.

ఎండ మాట మాత్రం నిజం. 2024 జులైలో అమెరికాలోని కొలరాడోలో 40 డిగ్రీల వేడిలో జబ్బు పడ్డ ఫారం కోళ్లను చంపే పని పెట్టారు. ఫ్యాన్ల గాలికి ఈకలు లేచాయి, చెమటకు మాస్కులూ కళ్లద్దాలూ నిలవలేదు, పనివాళ్లకు సోకింది. మన మే నెల సంగతి చెప్పక్కర్లేదు. నేను కొనిచ్చిన కళ్లద్దాలు మా వాడి షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి.

"ఆవిరి పట్టి కోడి కాలే కనబడట్లేదు బావా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. అరగంటకోసారి మనుషుల్ని మార్చి చూడమన్నాను. ఓనరు ఒప్పుకుంటే చూస్తానన్నాడు.