పట్టా మనది, పొలం ఏట్లో

తెలుగువారందరికీ ఉమ్మడిగా ఒక ఆస్తి సంక్రమించిన సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియకపోవడం విచారకరం. 2018 జనవరి 1వ తేదీ తెల్లవారేసరికి, మనలో ఎవరూ దరఖాస్తు పెట్టుకోకుండానే, ఏ కార్యాలయం మెట్లూ ఎక్కకుండానే, ‘మాయాబజార్’ మనదైపోయింది. సినిమా విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు గడిస్తే దాని మీద నిర్మాత కాపీహక్కు తీరిపోతుందని మన చట్టం. అది 1957లో వచ్చిన సినిమా కనుక 2017 డిసెంబరు 31 అర్ధరాత్రితో ఆ లెక్క సరిపోయింది. ఆ సమయానికి మనమంతా కొత్త సంవత్సరం కేకులు కోసే హడావిడిలో ఉన్నందువల్ల ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి ఎవరూ వెళ్లలేదు.

ఇలా గడువు తీరి ప్రజలపరమైన దానిని పబ్లిక్ డొమైన్ అంటారు. దీనికి తెలుగు మాట ఏమిటని పండితులు తర్జనభర్జన పడుతున్నారు గాని, రెవెన్యూ శాఖవారు ఎన్నడో తేల్చిపెట్టారు: పోరంబోకు. చెరువు, వాగు, శ్మశానం, బండ్లబాట వలె ఏ ఒక్కరి పేరా లేక అందరికీ చెందినదన్న మాట. పోరంబోకు గతి ఏమవుతుందో తెలుగు పాఠకులకు నేను వివరించనక్కరలేదు. మొదట ఒక పశువుల పాక వెలుస్తుంది, తరువాత నాలుగు రాతి కూసాలు, ఆపైన ముళ్లతీగ, చివరకు ‘అతిక్రమించిన వారు శిక్షార్హులు’ అన్న బోర్డు.

బాధ్యత గల వారసుడిగా నా వాటాను ఇంటికి తెచ్చుకోవాలని నిశ్చయించుకుని, నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్కు ఒకటి కొని, ఒక ఆదివారం ఉదయం స్నానం చేసి కంప్యూటరు ముందు కూర్చున్నాను. సినిమా దొరకక పోలేదు. అయితే ఘటోత్కచుడు గద భుజాన వేసుకుని నడిచి వస్తుంటే, ఆ గద మీద కచ్చితంగా నడిమధ్యన ఒక చానల్ వారి ముద్ర మెరుస్తున్నది. శశిరేఖ నవ్వినప్పుడల్లా ఆమె గడ్డం కింద చందాదారులు కమ్మని కోరే గంట ఒకటి ఊగుతున్నది. ఆ ముద్ర వేసినవారు సినిమా తీయలేదు, రాయలేదు, అందులో నటించలేదు. ముళ్లతీగ పాతినవాడు పొలం దున్నాలన్న నియమం మాత్రం ఎక్కడున్నది?

నేను ఊరుకోలేదు. నాలుగు నిమిషాల ముక్క ఒకటి కత్తిరించి, ముద్ర కనబడకుండా అంచులు చెక్కి, ఒక వీడియో వేదిక మీద పెట్టాను. కాఫీ చల్లారకముందే, ఇది ఫలానా వారి సొత్తని నోటీసు వచ్చింది. కాపీరైట్ చట్టం 26వ సెక్షనును ఉటంకిస్తూ, వినయవిధేయతలకు లోటు రాకుండా అభ్యంతరపత్రం దాఖలు చేశాను. దానిని పరిశీలించి తీర్పు చెప్పే బాధ్యతను ఆ వేదికవారు ఎవరికి అప్పగించారయ్యా అంటే, నోటీసు ఇచ్చిన వారికే. కబ్జా మీద అర్జీ పెట్టుకుంటే విచారణకు కబ్జాదారునే పంపే ఈ పద్ధతిలో ఉన్న పొదుపు, వేగం మన తహసీల్దారు కార్యాలయాలకు ఇంకా అలవడలేదు.

నా ముక్కలో ఒక పాట ఉన్నదని, అందువల్ల నా అర్జీ చెల్లదని తీర్పు వచ్చింది. ఇక్కడ నేను నిజాయతీగా ఒప్పుకోవాలి, ఈ ఒక్క విషయంలో వారి వాదనను కొట్టిపారేయలేము. బొమ్మ మనదైనా, పాటలో ఉన్న మాటకు, బాణీకి లెక్కలు వేరు. అవి సృష్టించిన మనిషి మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు నడుస్తాయి. పింగళి నాగేంద్రరావు గారు 1971లో కన్నుమూశారు కనుక మాటలు 2031 చివరి దాకా మనవి కావు. ఘంటసాల వారు 1974లో వెళ్లిపోయారు కనుక ఆయన బాణీలు 2034 చివరి దాకా మనవి కావు. ఈ చిత్రానికి నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్న సాలూరి రాజేశ్వరరావు గారు, మన అదృష్టం కొద్దీ 1999 దాకా జీవించి ఉన్నందువల్ల, ఆ నాలుగూ 2059 చివరి దాకా మనవి కావు. ఇందులో ‘లాహిరి లాహిరి’ కూడా ఉన్నది. అంటే చట్టాన్ని అక్షరాలా పాటించదలచిన పౌరుడు ఆ పాటను నలుగురితో పంచుకోదలిస్తే 2018 నుంచి పడవను, 2032 నుంచి పడవతో పాటు మాటలను, 2060 నుంచి పడవను, మాటలను, రాగాన్ని కలిపి చూపించుకోవచ్చు. 2060 జనవరి 1న నాకు 94వ ఏడు నడుస్తుంటుంది. వెన్నెల మాత్రం ఇప్పటికే ఎవరి హక్కులోనూ లేదని విచారించి తెలుసుకున్నాను. కళాకారులు నిండు నూరేళ్లు బతకాలని కోరుకునే నాబోటి వారిని చట్టం ఇంత ఇరకాటంలో పెట్టి ఉండవలసింది కాదు.

డాలస్‌లో ఉన్న మా అబ్బాయి వాటా ఇంకా చిక్కుల్లో ఉన్నది. మన దేశంలో తీరిపోయిన గడువు అమెరికాలో తీరలేదు. అక్కడ ఈ సినిమాకు విడుదలైన ఏడాది నుంచి 95 ఏళ్ల లెక్క, అనగా 2052 చివరి దాకా. ఒకే సినిమాను గుడివాడలో తండ్రి దించుకుంటే స్వాధీనం, డాలస్‌లో కొడుకు దించుకుంటే దొంగతనం. మొన్న వీడియో కాల్‌లో నా వెనుక టీవీలో లక్ష్మణకుమారుడు కనబడగానే, చట్టం మీద గౌరవం కొద్దీ కళ్లు మూసుకోమని వాడిని హెచ్చరించాను. వాడు తల్లితో మాట్లాడతానన్నాడు.

ఈ విషయంలో మా బావమరిదికి ఏ చిక్కూ లేదు. శుక్రవారం విడుదలైన సినిమా ఆదివారం మధ్యాహ్నానికి అతని పెన్‌డ్రైవులో ఉంటుంది, థియేటరులో ముందు వరుస నుంచి లేచి వెళ్లినవాడి తల నీడతో సహా. నేను సినిమాలు దించుకుంటున్నానని మా చెల్లెలి ద్వారా విని, ఎంతో ఆదరంగా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, “ఎక్కడి నుంచి బావా?” అని అడిగాడు. చట్టప్రకారమేనని చెప్పాను. అతని ముఖంలో కనిపించిన జాలిని నేను మా నాన్నగారు పోయినప్పుడు పరామర్శకు వచ్చినవారి ముఖాల్లో కూడా చూడలేదు. “నీకేం ఖర్మ బావా? లింకు నేను పంపిస్తాగా,” అన్నాడు. కాసేపు ఆగి, “ఉత్తినే ఇస్తున్నారంటే అందులో వైరస్ అయినా ఉండాలి, నీతి అయినా ఉండాలి,” అని తేల్చాడు. ఆ రెండో ప్రమాదాన్ని గురించి నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

స్వదేశంలో వాటా చేతికి రాని వారసుడు పరదేశం పోవడం లోకరీతి. 1996లో మొదలై ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పాత చర్చి భవనంలో కొలువున్న ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను ఆశ్రయించాను. అక్కడా బోర్డు పాతినవాడి మాట మీదనే కొంత ఆధారపడాలి, ఎందుకంటే ఎక్కించినవారే ఇది పబ్లిక్ డొమైన్ అని చీటీ తగిలించవచ్చు. కనుక చరిత్ర తెలిసిన సినిమాలనే ఎంచుకున్నాను. ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే 1968 నాటి శవాల సినిమాకు పంపిణీదారులు పేరు మారుస్తూ, పేరు పక్కన ఉండవలసిన కాపీరైట్ ప్రకటనను మళ్లీ వేయడం మరచిపోయారు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క మరపుతో సినిమా ఊరందరిదీ అయిపోయింది. 1940 నాటి ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’కు 28వ ఏట రెన్యువల్ చేయించవలసి ఉండగా చేయించలేదు. యజమాని వదిలేసిన ఆ బిడ్డలను వీధిలో ప్రతివాడూ ఎత్తుకున్నాడు, కాపీ మీద కాపీ తీశాడు, టీవీలో వేశాడు, క్యాసెట్టు చేసి అమ్ముకున్నాడు. ఇప్పుడు వాటిని ఎవరు చంపాలనుకున్నా చావవు. ఎంపీ4 అన్న చోట నొక్కితే పప్పు ఉడికేలోగా ఇంట్లో ఉంటాయి. ఇంతటి బాధ్యతారహితమైన మతిమరపు మన నిర్మాతలకు లేదు.

మనం హక్కును గట్టిగా పట్టుకుంటాం, రీలును గోదాములో వదిలేస్తాం. 1957 నాటి మన కాపీరైట్ చట్టం మొదట 50 ఏళ్లే ఇచ్చింది. 1941లో మరణించిన రవీంద్రనాథ్ టాగూరు రచనల గడువు 1991 చివరికి ముగియబోతుంటే, ఆయన పుణ్యమా అని సినిమాలతో సహా అందరికీ మరో పదేళ్లు కలిసివచ్చాయి. రీళ్లు ఆ సవరణను చదువుకోలేదు. ఇట్టే నిప్పంటుకునే తొలినాటి నైట్రేట్ రీళ్లలో కొన్ని తగలబడ్డాయి, కొన్నింటిని వెండి కోసం కరిగించుకున్నారు. తరువాతి కాలపు అసిటేట్ రీళ్లు డబ్బాలోనే కుళ్లి, మూత తీసినవాడి ముక్కుకు వెనిగర్ వాసన తగిలించి ఊరుకున్నాయి. పాత సినిమాలను కాపాడడానికి 1964లో పుణెలో జాతీయ సంస్థ పెట్టారు, మొదటి టాకీ వచ్చిన 33 ఏళ్లకు. ఆ పుణెలోనే 2003లో నైట్రేట్ రీళ్లు ఉన్న గదికి నిప్పంటుకుంది.

రఘుపతి వెంకయ్య గారి సంస్థ 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ మన తొలి సినిమా అంటారు. ఆయన పేర ప్రభుత్వ పురస్కారం ఉన్నది, సినిమా లేదు. హెచ్.ఎం. రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పండుగ చేసుకుని, కాదు 1932 ఫిబ్రవరి 6 అని తరువాత దిద్దుకున్నాం. పుట్టినరోజు మార్చినా అభ్యంతరం చెప్పడానికి బిడ్డ లేదు కదా. ఈ రెండింటి హక్కులూ ఎప్పుడో తీరిపోయాయి. గదల మీద ముద్ర వేసే చానళ్లు కూడా వీటి జోలికి పోలేదు. ఇంతకన్నా నిష్కళంకమైన పోరంబోకు తెలుగునేల మీద మరొకటి లేదు.

కావున రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే ప్రతి తెలుగు కుటుంబానికి ఒక సినిమా పాసుపుస్తకం జారీ చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మొదటి పేజీలో సినిమా పేరు, విస్తీర్ణం ఇన్ని రీళ్లు అని, అనుభవదారు కాలమ్‌లో చానల్ పేరు రాయాలి. హద్దులు కూడా స్పష్టంగా ఉండాలి: తూర్పున కంపెనీ ముద్ర, పడమర పింగళి వారి మాట, ఉత్తరాన అమెరికా, దక్షిణాన బూడిద.

ఈలోగా నా హార్డ్ డిస్కులో ఒక ఏర్పాటు చేసుకున్నాను. ‘డక్ అండ్ కవర్’ అని, అణుబాంబు పడితే బల్ల కింద ఎలా దూరాలో అమెరికా పిల్లలకు తాబేలు బొమ్మతో నేర్పడానికి అక్కడి ప్రభుత్వం 1950ల మొదట్లో తయారు చేయించిన తొమ్మిది నిమిషాల చిత్రం, ఒక్క మచ్చ లేకుండా నా దగ్గర ఉన్నది. దాని పక్కనే ‘భక్త ప్రహ్లాద, 1932’ అని ఒక ఫోల్డరు తెరిచి ఉంచాను. పరిమాణం ఎంతని అడిగితే కంప్యూటరు సున్నా బైట్లని చెబుతున్నది. మా బావమరిది అది చూసి, పాతదైతేనేం బావా, మా అమ్మకు భక్తి సినిమాలంటే ఇష్టం, ఇందులో వేసిపెట్టమని పెన్‌డ్రైవు చేతికిచ్చాడు. వేశాను. క్షణం కూడా పట్టలేదు.