సవరణ: సటన్ హూ ఓడ, బేవుల్ఫ్ కావ్యం

ఇంగ్లండ్‌లోని సటన్ హూ అనే చోట దొరికిన ఓడ సమాధి మీద నేను రాసిన పోస్టులో "బేవుల్ఫ్ కావ్యంలోని అంత్యక్రియలే ఈ తవ్వకంలో బయటపడ్డాయి" అన్న వాక్యం ఉంది. దాన్ని "ఆ కావ్యం చెప్పేలాంటి లోకం ఈ సమాధిలో కనిపిస్తుంది" అని మార్చి చదవండి.

ఎందుకంటే తేడా పెద్దది. బేవుల్ఫ్ అనే వీరుడి కథ చెప్పే ఈ పాత ఇంగ్లీషు కావ్యం మొదట్లో షీల్డ్ అనే డేన్ల రాజు శవాన్ని నిధులతో సహా ఓడలో పెట్టి సముద్రంలోకి వదిలేస్తారు. చివర్లో బేవుల్ఫ్‌ను చితి మీద దహనం చేసి, ఆపై దిబ్బ కడతారు. సటన్ హూలో (సఫోక్ కౌంటీ) 1939లో పురావస్తు తవ్వకాలు చేసే బేసిల్ బ్రౌన్ తవ్వి తీసినది ఈ రెండూ కాదు. సుమారు 27 మీటర్ల ఓడను నేలలోకి దించి, వస్తువులతో నింపి, పైన మట్టిదిబ్బ పోశారు. చెక్క పోయింది, ఇనుప మేకుల వరసలు, ఇసుకలో ఓడ అచ్చు మిగిలాయి. అదే నాకు ఎప్పటికీ ఆశ్చర్యం!

కాలం కూడా కలవదు. సమాధి 7వ శతాబ్దం తొలి భాగానిది. కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి సుమారు క్రీ.శ. 1000 నాటిది, కథ జరిగేది డెన్మార్క్, దక్షిణ స్వీడన్లలో.

అయితే పోలిక పూర్తిగా వదిలేయకండి. యోధుణ్ణి కాపాడే అడవిపంది బొమ్మ శిరస్త్రాణం మీద ఉంటుందని కావ్యం చెబుతుంది. ఇంగ్లండ్‌లోనే డెర్బీషైర్‌లోని బెంటీ గ్రాంజ్‌లో 1848లో దొరికిన శిరస్త్రాణం మీద నిజంగానే ఓ పంది నిలబడి ఉంది. సటన్ హూ శిరస్త్రాణంలో కనుబొమల చివర్లు పంది తలలే.